పర్యాటక సన్మానానికి ఎవరిని ఎంపిక చేయాలి? మే నెల మధ్యాహ్నం వెళ్లి చూడండి

జమ్మలమడుగు వైపు బాడుగ వాహనాల యజమానులు, లాడ్జీలవారు, గైడ్లు, ఇటీవల తమ ఇళ్లలోనే అతిథులకు గదులిస్తున్న కొన్ని కుటుంబాలవారు కలిసి ఒక సంఘంగా ఏర్పడ్డారని, సెప్టెంబరు 27న ప్రపంచ పర్యాటక దినోత్సవం నాడు మన ప్రాంత పర్యాటకంలో ఉత్తమంగా పనిచేసిన పదిమందిని సన్మానించాలనుకుంటున్నారని మీరు రాశారు. ఏడాదిలో ఎక్కువమందిని రప్పించినవారికి, ఇంటర్నెట్‌లో ఎక్కువ నక్షత్రాలు తెచ్చుకున్నవారికి ఇవ్వాలని సంఘంలో కొందరు, వరదల్లోనూ కరోనాలోనూ నష్టపోయి మళ్లీ నిలదొక్కుకున్నవారికి ఇవ్వాలని మరికొందరు పట్టుబడుతున్నారన్నారు. వీటిలో ఏది న్యాయమన్నది మీ ప్రశ్న.

నేను కడపలో ఉంటూ 1996 నుంచి యాత్రికులను తిప్పుతున్నాను. మొదట ఒక పాత టెంపోలో ఒంటిమిట్ట, దేవుని కడప, పుష్పగిరి చూపించేవాడిని. తర్వాత అహోబిలం, మహానంది, యాగంటి, మంత్రాలయం కలిపి బస్సులు వేశాను. ఇప్పుడు వయసు మీదపడి బస్సులు నడపడం మానేసి, కొత్తవారికి దారి చెప్పే పనిలో ఉన్నాను. సన్మాన కమిటీల్లో రెండుసార్లు కూర్చున్నాను, ఒకసారి చాలా తప్పుగా ఎంపిక చేశాను. ఆ అనుభవంతో చెబుతున్నాను. మీ సంఘంలోని రెండు వర్గాలూ వేర్వేరు విషయాలు మాట్లాడుతున్నట్టు కనిపిస్తున్నా, మన ప్రాంతంలో ఆ రెంటినీ విడదీయడం సాధ్యం కాదు. అతిథి రాని నెలల్లో, దారి తెగిన రోజుల్లో ఒక మనిషి తన పనిని ఎలా కాపాడుకున్నాడో చూస్తే, అతని నాణ్యతా అక్కడే తెలుస్తుంది, ఓర్పూ అక్కడే తెలుస్తుంది. ఒకటి చూసి రెండోది వదిలేస్తే మీరూ నాలాగే పొరపాటు పడతారు.

నేను చేసిన పొరపాటు ఇది. ఊరు, హోటలు పేర్లు ఇక్కడ అవసరం లేదు. 2008లో ఒక పట్టణంలో కొత్తగా కట్టిన హోటలుకు మా కమిటీ ఉత్తమ ఆతిథ్య పురస్కారం ఇచ్చింది. మేము పరిశీలనకు వెళ్లింది డిసెంబరు చివరివారం. గదులన్నీ నిండి ఉన్నాయి, పూలదండలు, పన్నీరు, నున్నటి నేల, చక్కటి భోజనం. నలుగురమూ అరగంటలో నిర్ణయం తీసుకుని తిరిగివచ్చాము. మరుసటి ఏప్రిల్‌లో ముప్పైరెండు మంది యాత్రికులతో నేనే అక్కడ దిగాను. బోరు ఎండిపోయింది, ట్యాంకరు చెప్పలేదు, గదికొక బకెట్ నీళ్లు ఇచ్చి సర్దుకోమన్నారు. ఆ రాత్రి నలుగురు వృద్ధులను వెంటబెట్టుకుని పక్కవీధిలో ఉన్న ఒక పాత లాడ్జీకి వెళ్లాను. గోడలకు రంగు వెలిసిపోయిన ఆ లాడ్జీ యజమాని మాఘమాసంలోనే రెండు సంపులు కడిగించి, ట్యాంకరు మనిషికి వేసవి మొత్తానికి అడ్వాన్సు ఇచ్చి పెట్టుకున్నాడు. స్నానానికి, తాగడానికి, మరుగుదొడ్డికి వేటి నీళ్లు వాటికి విడిగా లెక్కగట్టి ఉంచాడు. అతని పేరు మా కమిటీ జాబితాలో చివరి వరుసలో కూడా లేదు. అప్పటినుంచి, సీజనులో ఏ సంస్థనూ పరిశీలించకూడదన్నది నేను పెట్టుకున్న నియమం.

మన వ్యాపారం ఏడాది పొడవునా ఒకేలా సాగదని మీకు నేను చెప్పనక్కరలేదు. దసరా సెలవులు, కార్తీకమాసం, సంక్రాంతి, శివరాత్రి, వారాంతాల్లో బెంగళూరు కార్లు కలిపి మన సీజను. మిగిలినదంతా నిరీక్షణ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, ఏప్రిల్ నుంచి జూన్ దాకా బండలు కాలిపోయే గండికోటలో, అతిథికి ఒక చల్లటి మంచినీళ్ల చెంబు అందించడం వెనుక ఎంత ముందుచూపు ఉండాలో బయటివారికి తెలియదు. మీరు మార్చిలోనే ఈ ప్రశ్న అడగడం మంచిదైంది. మే నెల రెండో వారంలో, మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో, ముందుగా చెప్పకుండా ఒక్కొక్కరి దగ్గరికి వెళ్లండి. మరుగుదొడ్డి తలుపు తెరిచి చూడండి. తొట్టిలో నీళ్లున్నాయా, గడియ పడుతుందా, ఆడవాళ్లు వాడుకోగలిగేలా ఉందా? ఈ మూడింటికీ అవునన్న సమాధానం వస్తే మిగతా ప్రశ్నల్లోకి వెళ్లవచ్చు. వంటగదిలో ఆ పూట ఇద్దరే తినేవాళ్లున్నా సంగటి అప్పుడే కెలికారా, పొద్దుటిది వేడిచేసి పెట్టారా అన్నది కూడా చూడవచ్చు. పట్టణంలో పెరిగిన అతిథికి తేడా తెలియకపోవచ్చు గానీ మన కమిటీ సభ్యుడికి మొదటి ముద్దలోనే తెలిసిపోతుంది.

మీ ఊరి పక్కనే ఉంది కాబట్టి గండికోటతో మొదలుపెడతాను. ఎర్రమల కొండలను పెన్నానది కోసుకుంటూ పోయిన ఆ లోయను చూసి అమెరికాలోని గ్రాండ్ కాన్యన్‌తో పోల్చడం ఇప్పుడు మామూలైపోయింది. 2024లో కేంద్ర ప్రభుత్వం గండికోట అభివృద్ధికి సుమారు 78 కోట్ల రూపాయలు మంజూరు చేసినప్పుడు కూడా ఆ పోలికే వాడారు. వ్యక్తిగతంగా నాకు ఆ పోలిక రుచించదు. ఆ రాళ్లకు భూగర్భశాస్త్రంలో గండికోట క్వార్ట్‌జైట్ అని మన ఊరి పేరే ఉంది. వాటిని కలుపుకున్న మొత్తం శిలా వ్యవస్థను కడప పేరుతోనే పిలుస్తారు. మన పేరు పెట్టుకున్న రాయికి మళ్లీ పరాయి పేరు ఎందుకో నాకు అర్థం కాదు. ఈ మాట అతిథికి చెప్పగల గైడు ఉంటే అతనికి నా వోటు ఒకటి ఎక్కువ. కోటను ఏలిన పెమ్మసాని నాయకుల కాలం, మాధవరాయ ఆలయం, జామియా మసీదు, ధాన్యాగారం గురించి అందరూ చెబుతారు. 1652లో ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే ఇక్కడికే వచ్చి, కోటను అప్పటికి కొద్దికాలం క్రితమే పట్టుకున్న గోల్కొండ సేనాని మీర్ జుమ్లాను కలిశాడని, అదే ప్రయాణకాలంలో ఒంటిమిట్ట కోదండరామాలయాన్ని కూడా చూసి మెచ్చుకున్నాడని కలిపి చెప్పేవారు తక్కువ. అలా కలిపి చెబితే అతిథి మరొక రాత్రి మన జిల్లాలో ఉండి ఒంటిమిట్ట కూడా చూసి వెళతాడు. అంటే చరిత్ర తెలిసిన గైడు వల్ల పక్క ఊరి లాడ్జీకి కూడా ఒక గది బాడుగ వస్తుంది.

అయితే గండికోటలో అన్నిటికంటే ముందు చూడవలసింది ప్రాణభద్రత. లోయ దాదాపు 300 అడుగుల లోతు. చాలా చోట్ల అంచు వెంబడి కంచె లేదు. ఫోటో కోసం చివరి బండమీద కూర్చునే పిల్లలను వారించడం గైడుకు ఇష్టమైన పని కాదు, ఎందుకంటే కోప్పడిన గైడుకు ఇంటర్నెట్‌లో ఒక నక్షత్రమే పడుతుంది. నాకు తెలిసిన ఒక గైడు కోటలోపలి ఊరివాడే. పదేళ్లుగా ఒక పద్ధతి పాటిస్తున్నాడు. అతిథులను లోయ దగ్గరికి తీసుకువెళ్లే ముందే ఒక బండ చూపించి, దాన్ని దాటి వెళ్లాలనుకునేవారు తనకు డబ్బు ఇవ్వనక్కరలేదని, తాను అక్కడే ఆగిపోతానని చెబుతాడు. కొందరు నవ్వుతారు, కొందరు విసుక్కుంటారు. అతనికి నక్షత్రాలు తక్కువే. నక్షత్రాలను ప్రమాణంగా తీసుకోవద్దని నేను చెప్పడానికి ఇదొక కారణం. రెండో కారణం మీకూ తెలుసు. బంధువులతో, మిత్రులతో రాయించుకున్నవి వాటిలో ఎన్ని ఉన్నాయో మనలో ఎవరికీ తెలియదు.

ఓర్పు గురించి మాట్లాడాలంటే బెలుం గుహల కథ మీ సభలో ఎవరైనా వివరంగా చెప్పడం బాగుంటుంది. మనిషి కాకుండా ఒక స్థలమే ఎలా తిరిగి లేచిందో అందులో కనిపిస్తుంది. 1884లో బ్రిటిష్ భూగర్భశాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫూట్ ఈ గుహలను గుర్తించి రాశాడు. తర్వాత దాదాపు వందేళ్లు వాటిని పట్టించుకున్నవారు లేరు. 1982 నుంచి 1984 మధ్య డేనియల్ గెబావర్ నాయకత్వంలో జర్మనీ గుహాన్వేషకులు వచ్చి లోపలి దారులను కొలిచారు. మొత్తం పొడవు 3,229 మీటర్లు, భారత ఉపఖండంలో మేఘాలయ గుహల తర్వాత చెప్పుకోదగినదని అప్పుడు బయటపడింది. కానీ కొలతలు వేసినంత మాత్రాన గుహ బాగుపడలేదు. పైనుంచి చూస్తే పొలాల మధ్య మూడు బావుల్లాంటి గుంతలు. చుట్టుపక్కలవారు చెత్త పోయడానికి వాటిని వాడుకునేవారు. ఆ పరిస్థితి మార్చాలని స్థానికులు, వారిలో ఒక విశ్రాంత పోలీసు అధికారి కూడా, పట్టువదలకుండా ప్రయత్నించారు. 1988లో ప్రభుత్వం ఆ ప్రాంతాన్ని రక్షిత స్థలంగా ప్రకటించింది. పర్యాటకాభివృద్ధి సంస్థ పూడిక తీయించి, మెట్లు కట్టించి, గాలి వెళ్లడానికి ఏర్పాట్లు చేసి, దీపాలు పెట్టి 2002లో సందర్శకులకు తెరిచింది. సుమారు ఒకటిన్నర కిలోమీటరు దారి ఇప్పుడు నడవవచ్చు. సింహద్వారం, కోటిలింగాలు, తడితే రాళ్లు స్వరాలు పలికే సప్తస్వరాల గుహ దాటుకుని, నేలమట్టానికి 46 మీటర్ల లోతున ఉన్న పాతాళగంగ దాకా వెళ్లవచ్చు.

ఆ 1988కీ 2002కీ మధ్య పద్నాలుగేళ్లున్నాయి. సన్మాన పత్రంలో అలాంటి పద్నాలుగేళ్లను ఒక వాక్యంలో దాటేస్తాం గనుక ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫైలు తిప్పినవారు, పూడిక మోసిన కూలీలు, మొదటి దీపం కోసం లోపలికి తీగ లాగిన పనివారు ఎవరూ ఏ జాబితాలోనూ లేరు. కొలిమిగుండ్ల మండలంలో వారిలో ఇంకా కొందరు ఉండవచ్చు. పదిమందిలో ఒక స్థానం అలాంటివారికి కేటాయించగలిగితే వెతికించండి.

ఆ గుహలోనే నేను కళ్లారా చూసిన ఒక సంగతి ఉంది. లోపల ఉక్క ఎక్కువ, పది నిమిషాల్లో చొక్కా తడిసిపోతుంది. నా బృందంలోని ఒక పెద్దావిడకు సగం దారిలో ఊపిరాడనట్టు అనిపించి, కాళ్లు వణికి, అక్కడే కూర్చుండిపోయింది. ఆమె వెనుక దారి ఇరుకు, ఆ వెనుక ఇంకొక నలభైమంది బడిపిల్లలు. మాతో ఉన్న గైడు కేక వేయలేదు, పరిగెత్తలేదు. పిల్లలను ఎక్కడివారిని అక్కడే నిలబెట్టి, పాట పాడమని ఉపాధ్యాయుడికి సైగ చేసి, పెద్దావిడను గాలి తగిలేచోటికి నాలుగడుగులు జరిపి, ఎదురుగా కూర్చుని, తనతోపాటు మెల్లగా ఊపిరి తీసుకోమన్నాడు. పదిహేను నిమిషాల తర్వాత ఆమె తానే లేచి నడిచింది. బయటికి వచ్చాక ఇదెక్కడ నేర్చుకున్నావని అడిగితే, మూడేళ్ల క్రితం ఇలాంటి సందర్భంలో తాను కంగారుపడి తప్పు చేశానని, ఆ తర్వాత ప్రాథమిక ఆరోగ్యకేంద్రంలో నర్సమ్మను అడిగి తెలుసుకున్నానని చెప్పాడు. ఎవరూ పంపకుండానే తన లోపాన్ని తానే సవరించుకున్న మనిషి అతను.

ఇక వరదల సంగతి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచాయి. అదే వరదలో మంత్రాలయం కూడా మునిగింది, రాఘవేంద్రస్వామి మఠం నీళ్ల మధ్య చిక్కుకుంది. శ్రీశైలం జలాశయానికి ఆ రోజుల్లో వచ్చిన ప్రవాహం పాతిక లక్షల క్యూసెక్కులు దాటింది. ఆనకట్టను లెక్కగట్టింది అంతకంటే చాలా తక్కువకు. నెల రోజుల తర్వాత నేను ఒక చిన్న బృందంతో మంత్రాలయం వెళ్లాను. కింది అంతస్తుల గోడలమీద మనిషి ఎత్తుకు పైన మట్టిగీత ఉంది. వీధుల్లో బురద ఎండి పెళ్లలు పెళ్లలుగా లేస్తోంది. మేము ఎప్పుడూ దిగే లాడ్జీ యజమాని పరుపులు, మోటార్లు, లెక్కల పుస్తకాలు అన్నీ పోగొట్టుకున్నాడు. పుస్తకాలు పోయాయి కాబట్టి ఎవరు ఎంత అడ్వాన్సు ఇచ్చారో రాతపూర్వకంగా ఏమీ మిగలలేదు. అతను మాలాంటి బస్సులవారికందరికీ ఒక్కొక్కరికి ఫోను చేసి, మీరు ఎంత ఇచ్చారో మీరే చెప్పండి, నెలకు కొంత చొప్పున తిరిగి ఇచ్చేస్తానన్నాడు. నేను అడగకముందే నా మొత్తం చెప్పమన్నాడు. నేను చెప్పిన అంకెనే నమ్మి ఆరు వాయిదాల్లో ఇచ్చాడు. వరద తర్వాత అతను కొత్త భవనంలో మొదట చేసిన పని ఏమిటంటే, జనరేటరును, పరుపుల గదిని, లెక్కల బీరువాను పై అంతస్తుకు మార్చడం.

ఇక్కడ మీ రెండో వర్గంవారికి ఒక మాట చెప్పాలి. నష్టపోవడం ఒక్కటే సన్మానానికి అర్హత కాదు. నష్టపోయినవారికి కావలసింది సహాయం. దాన్ని శాలువా కప్పి సరిపెట్టడం న్యాయం కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరుమీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు పులపత్తూరు, మందపల్లి వంటి ఊళ్లలో ప్రాణాలే పోయాయి. నందలూరు, రాజంపేట మధ్య రైలుమార్గం కొట్టుకుపోయింది. ఆ ఊళ్లవారి దుఃఖాన్ని పర్యాటక సభలో పురస్కారంగా మార్చవద్దని నా మనవి. మీరు వెతకవలసింది మరొకటి. ఆ వారంలో నందలూరు సౌమ్యనాథాలయానికి, తాళ్లపాకకు, తిరుపతికి వెళ్లవలసిన యాత్రికులు దారి తెగి ఎక్కడికక్కడ ఆగిపోయారు. వారికి నిజం చెప్పి, డబ్బు తిరిగి ఇచ్చి, వీలైనచోట అన్నం పెట్టినవారెవరు? దారి ఉందని అబద్ధం చెప్పి రెట్టింపు బాడుగ తీసుకున్నవారెవరు? మీ సంఘంలోని డ్రైవర్లకు ఈ రెండు జాబితాలూ నోటికి వచ్చు. రెండో జాబితా సభలో చదవనక్కరలేదు, కానీ ఎంపిక చేసేవారి దగ్గర ఉండాలి.

కరోనా కాలం గురించి ఎక్కువ రాయను, అందరం అనుభవించినదే. పురావస్తుశాఖ కట్టడాలు 2020 మార్చి 17న మూతపడి జూలై 6 తర్వాత తెరుచుకోవడం మొదలైంది, మరుసటి ఏడాది ఏప్రిల్ మధ్య నుంచి జూన్ మధ్య వరకు మళ్లీ మూతపడ్డాయి. ఆ రెండు వేసవుల్లో గైడ్లు ఉపాధి హామీ పనికి వెళ్లారు, చెనక్కాయ చేలల్లో కూలికి వెళ్లారు, డ్రైవర్లు కూరగాయలు అమ్మారు. తిరిగి వృత్తిలోకి వచ్చినవారిలో ఎవరు ఎలా వచ్చారో చూడండి. ఆ ఖాళీలో కన్నడమో హిందీయో నేర్చుకుని వచ్చినవారు నాకు తెలిసి కొందరున్నారు. లేపాక్షికి వచ్చేవారిలో అధికులు బెంగళూరు వైపు వారే కాబట్టి కన్నడం నేర్చిన గైడుకు రోజుకు మరో రెండు బృందాలు దొరికాయి. ఖాళీ ఉన్న రోజుల్లో తన వ్యాన్ డ్రైవరుకు నెలకు సగం జీతమైనా ఆపకుండా ఇచ్చిన ఒక యజమాని కూడా నాకు తెలుసు. ఇలాంటివి రశీదులతో రుజువవుతాయి. రశీదు చూపించమని అడగడానికి సంకోచించకండి.

లేపాక్షి పేరెత్తాను కాబట్టి అక్కడ నాకు జరిగిన పరాభవం కూడా చెప్పేస్తాను. 2022లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి వెళ్లిన ఆ వీరభద్రాలయంలో వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూపించడం, గోడమీద ఎర్రటి మరకలు చూపి అవి గుడి కట్టించిన విరూపణ్ణ కళ్ల నెత్తుటి గుర్తులని చెప్పడం మా అందరికీ అలవాటు. చాలా ఏళ్ల క్రితం ఒక బృందానికి నేను ఆ కథను జరిగిన చరిత్రలా చెబుతుంటే, వారిలో ఒక అమ్మాయి, వాస్తుశిల్పం చదువుతున్న విద్యార్థి, చివరిదాకా విని, నెమ్మదిగా, కథ చాలా బాగుందండీ, అయితే పైకప్పు చిత్రాల్లోని చీరల అంచుల గురించి కూడా చెప్పండి, అన్నది. నాకు వాటి గురించి ఒక్క మాట కూడా రాదు. పదిహేనేళ్లుగా ఆ మండపంలో నిలబడుతూ ఒక్కసారి కూడా తల పైకెత్తి సరిగా చూడలేదు. విజయనగర కాలపు చిత్రకళకు దేశంలో మిగిలిన గొప్ప ఆధారాల్లో అవి ఉన్నాయని, ఆ అంచుల నమూనాలను నేతగాళ్లు ఇప్పటికీ చీరలమీద వాడుకుంటున్నారని ఆ తర్వాతే తెలుసుకున్నాను. కథ చెప్పవద్దని నేను అనడం లేదు. ఇది జనం చెప్పుకునే కథ, ఇది శాసనంలో ఉన్న మాట అని విడదీసి చెప్పడం గైడు బాధ్యత. మీ పరిశీలకుల్లో ఒకరిని మామూలు యాత్రికుడిలా పంపి, ఈ తేడా ఎవరు పాటిస్తున్నారో రాసుకురమ్మనండి. కదిరి దగ్గర తిమ్మమ్మ మర్రిమాను చూపించేటప్పుడు, 1989లో గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కిన ఆ చెట్టు విస్తీర్ణాన్ని ఒక్కొక్కరు ఒక్కోలా పెంచి చెబుతుంటారు. అక్కడ కూడా ఇదే పరీక్ష పెట్టవచ్చు.

గైడ్లు, లాడ్జీలు, వాహనాలు అన్న మూడు విభాగాలతో మీరు జాబితా ముగించినట్టున్నారు. చేతిపనివారు అందులో లేరు. ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసే కుటుంబాలు ఆట చూసేవారు తగ్గిపోయినప్పుడు అదే మేకతోలుతో, అదే కత్తిరింపుతో, అవే రంధ్రాలతో దీపపు తొడుగులు, గోడబొమ్మలు చేయడం మొదలుపెట్టి వృత్తిని నిలబెట్టుకున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. లేపాక్షి చూసి, పుట్టపర్తి చూసి తిరిగి వెళ్లే కారును నిమ్మలకుంట వైపు మళ్లించి గంటసేపు ఆపే డ్రైవరు ఉంటే, కమీషను అడగకుండా ఆపేవాడైతే, అతన్ని కూడా గుర్తించండి. కమీషను తీసుకోవడం తప్పని నేను అనను, వృత్తిలో ఉన్నదే. అయితే చేతిపనివాడి ధర నుంచి కోసే కమీషను వేరు, దుకాణదారుడి లాభం నుంచి వచ్చేది వేరు.

జిల్లాల హద్దుల గురించి కూడా మీరు అడిగారు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక బెలుం, యాగంటి, అహోబిలం, మహానంది, శ్రీశైలం నంద్యాల జిల్లాలోకి, లేపాక్షి, పుట్టపర్తి, కదిరి శ్రీసత్యసాయి జిల్లాలోకి వెళ్లాయి. మీ సన్మానాన్ని కడప జిల్లాకే పరిమితం చేయాలని కొందరు అన్నారట. యాత్రికుడికి ఈ గీతలు తెలియవు. ఉదయం గండికోటలో సూర్యోదయం చూసి, తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి శిల్పాలు చూసి, సాయంత్రం బెలుంలో దిగే మనిషి ఒక్క రోజులో మూడు జిల్లాలు దాటుతాడు. దారిలో ఉగ్గాని బజ్జీ తిన్న హోటలు ఏ జిల్లాలో ఉందో అతను అడగడు. 2024లో కేంద్ర పర్యాటకశాఖ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా అహోబిలాన్ని ఎంపిక చేసినప్పుడు దాని ప్రయోజనం ఆళ్లగడ్డ దారిలో ఉన్నవారందరికీ అందింది. కడప, కర్నూలు, అనంతపురం పాత మూడు జిల్లాలనూ కలిపి పిలవండి. డబ్బు చాలదంటే పదిమందిని ఆరుగురికి తగ్గించండి గానీ హద్దు గీయకండి.

ఎంపిక చేసేవారు ఎవరన్నది చివరి చిక్కు. సంఘం పదాధికారులు తమ సభ్యులకే ఇచ్చుకుంటే రెండో ఏడాదికి ఎవరూ నమ్మరు. నా సూచన ఏమిటంటే, ఐదుగురిలో ఇద్దరు దూరప్రయాణాల డ్రైవర్లు కావాలి. ఏ లాడ్జీలో డ్రైవరుకు పడుకోవడానికి చోటిస్తారో, ఎక్కడ కారులోనే పడుకోమంటారో వారికి తెలుసు, అతిథికి దక్కే మర్యాద తీరు కూడా చాలావరకు దాన్నిబట్టే ఉంటుంది. ఒకరు కుటుంబాలతో తరచు యాత్రలు చేసే స్త్రీ అయి ఉండాలి. ఒకరు ఉపాధ్యాయుడు కావచ్చు, విహారయాత్రకు పిల్లలను తీసుకువెళ్లేవారి చూపు వేరు. ఐదో వ్యక్తిని మీ సంఘం నుంచి పెట్టుకోండి, కానీ అతనికి లాడ్జీ గానీ వాహనం గానీ ఉండకూడదు. పరిశీలనకు వెళ్లినప్పుడు భోజనానికి డబ్బు చెల్లించి రావాలి. మేము 2008లో చేసిన తప్పుల్లో అదొకటి, ఆ పూట బిల్లు ఎవరూ అడగలేదు, మేమూ ఇవ్వలేదు.

2024లో రాష్ట్ర ప్రభుత్వం కొత్త పర్యాటక విధానంలో ఈ రంగానికి పరిశ్రమ హోదా ఇచ్చింది కాబట్టి సభకు పెద్దలను పిలవాలని, వేదికమీద ఆ హోదా వల్ల కలిగే లాభాలు చెప్పించాలని మీరు అనుకుంటున్నారు. పిలవండి. కాకపోతే సన్మానం ముందు, ప్రసంగాలు తర్వాత పెట్టండి. పొద్దున ఐదింటికి గదులు కడిగి వచ్చిన మనిషిని మధ్యాహ్నం రెండింటిదాకా వేదిక కింద కూర్చోబెట్టి, చివరికి హడావుడిగా శాలువా కప్పి పంపడం నేను చాలాసార్లు చూశాను. సన్మాన పత్రంలో విశేషణాలు తగ్గించి, ఆ మనిషి చేసిన ఒక్క పనిని తేదీతో సహా రాయించండి. లోయ అంచున బండ దగ్గర ఆగిపోయే గైడుకు అదే రాయండి, లాడ్జీ యజమానికి ఆరు వాయిదాల సంగతి రాయండి. నగదు ఇవ్వగలిగితే అందరికీ సమానంగా ఇవ్వండి, మొదటి స్థానం రెండో స్థానం పెట్టకండి. మరుగుదొడ్డి శుభ్రంగా ఉంచిన ఆమెను, చరిత్ర బాగా చెప్పిన అతన్ని ఏ తూకంలో తూచి ముందు వెనుకలు నిర్ణయిస్తారు?

జ్ఞాపికలుగా ఏమివ్వాలని అడిగారు. ప్రొద్దుటూరులో ఇత్తడి షీల్డులు చేయించాలనుకున్నట్టు రాశారు. అవి నా ఇంట్లో పదకొండు ఉన్నాయి, అన్నీ అటకమీదే. వాటి బదులు నిమ్మలకుంటలో ఒక్కొక్కరికి ఒక తోలు దీపం చేయించండి, అంచుమీద వారి పేరు రాయించవచ్చు. వానలు మొదలైతే తోలు ఆరడం ఆలస్యమవుతుంది కాబట్టి జూన్ లోపలే వెళ్లి చెప్పి, సగం డబ్బు అడ్వాన్సుగా ఇచ్చి రండి. మేలో పరిశీలన పూర్తయితే పేర్లు కూడా అప్పటికి మీ చేతిలో ఉంటాయి.